ఓడ బిళ్ళ మీద బొడిపె

ఆ శనివారం పొద్దున్న ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయన క్షౌరానికి వెళ్లి వచ్చేలోగా చొక్కాలు నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఆ తర్వాత ఎవరూ లేని వంటింట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కాసేపు ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చోవడం కోసమే మిగతా పనులన్నీ. వంటింట్లో ఒంటరిగా కూర్చోవడం కూడా ఒక కోరికేనా అని ఎవరైనా అంటే, వాళ్లు రిటైరైన బస్సు కండక్టరుతో కాపురం చేసి ఎరగరన్నమాట.

ఆయన ఉద్యోగం మానిన కొత్తలో నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. బతుకంతా జనాన్ని ముందుకు జరగమని, మెట్ల మీద నిలబడొద్దని అరిచిన గొంతు అది. జనం లేకపోయేసరికి డబ్బాల మీద పడింది. ఉప్పును ముందుకు జరిపించారు, పంచదారను వెనక్కి పంపించారు, అడ్డంగా ఉందని పప్పు డబ్బాను ఏకంగా కిందికి దింపేశారు. పొయ్యి మీద ఏదైనా ఉంటే, అది మాడేదాకా పక్కనే ఓపిగ్గా నిలబడి, మాడాక "మాడుతోంది" అని చెప్పేవారు. అబద్ధం చెప్పరు, అదొక్కటే మంచి గుణం. ఇల్లాలు పళ్ళ బిగువున భరించింది. ఏ ఊరికైనా పారిపోదామా అనుకుంది కానీ, టిక్కెట్టు ఇచ్చేది మళ్ళీ ఏ కండక్టరో కదా అని ఆగిపోయింది.

ఆవిడను కాపాడినవి నాణేలు. ఊళ్ళో నాణేలు పోగుచేసే వాళ్ల సంఘం ఒకటి ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. చిల్లరలో పుట్టి చిల్లరలో పెరిగిన మనిషి, ఊరుకుంటారా? సంఘంలో చేరి, జేబుకు పెట్టుకునే బ్యాడ్జి ఒకటి తెచ్చుకుని, భూతద్దం కొనుక్కుని, మూల గదిలో స్థిరపడ్డారు. వంటిల్లు మళ్ళీ ఆవిడదయింది. ఆ రోజు ఆవిడ ఉప్పు డబ్బాను పాత చోట పెట్టి, దాన్ని చేత్తో రెండుసార్లు నిమిరింది.

అందరూ పాత నాణేల వెంట పడితే ఆయన కొత్తవాటి వెంట పడ్డారు. తప్పుగా పడ్డ కొత్త నాణేలంటే ఆయనకు ప్రాణం. అదేమిటని ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేవారు.

"నాణెం కొట్టడానికి ఉక్కు దిమ్మ ఉంటుంది. దాన్నే అచ్చు అంటారు. కొట్టీ కొట్టీ ఆ అచ్చు చిట్లుతుంది. అంచున ఓ పెచ్చు ఊడిపోతుంది కూడా. ఆ సందులోకి లోహం పొంగి, బిళ్ళ మీద బొడిపెగానో గీతగానో పైకి లేస్తుంది. గోటితో రాసి చూడాలి. లోపలికి దిగిందా, అది దెబ్బ, పారెయ్. పైకి లేచిందా, అది అచ్చు తప్పు, దాచుకో!"

అప్పట్నుంచీ ఆ ఇంట్లో దేనికైనా అదే ప్రశ్న. గోడకు బీట కనిపిస్తే "లోపలికా, పైకా?" కోడలి బుగ్గ మీద మొటిమ వస్తే "లోపలికా, పైకా?" కొడుకు స్కూటరు గుద్దుకుని వచ్చిన రోజున, మనిషిని చూడకముందు బండి రేకు మీద గోరు పెట్టి రాశారు.

ఇక ఆ ఓడ బిళ్ళ. బ్యాంకు నుంచి ఒక సంచీడు కొత్త బిళ్ళలు తెచ్చుకున్న రోజు అది. బిళ్ళకు ఒకవైపు తెరచాప ఓడ బొమ్మ, రెండో వైపు అంకె. ఆ రోజంతా ఆయనకు చేతినిండా విజయాలే. పొద్దున్నే వంటింటి కుళాయి కారుతుంటే, మనిషిని పిలవకుండా తానే బూడిదరంగు పుట్టీ పిసికి పూసి కట్టేశారు. చేతి తడి ఆరకముందే సంచీ విప్పారు. తీసిన మొదటి గుప్పెట్లోనే ఒక బిళ్ళ మీద, ఓడ వెనకభాగాన్ని మింగేసి అంచుకు అతుక్కుని, కందిగింజంత బొడిపె! గోరు పెట్టి రాశారు. పైకే. ఇల్లంతా వినపడేలా కేక పెట్టారు. మిగిలిన సంచీ అంతా గాలించినా ఇంకో బొడిపె దొరకలేదు. బొడిపె లేని బిళ్ళలన్నిటినీ వంటింటి ఖర్చులకని గాజుసీసాలో పోసేసి, ఆ ఒక్క బిళ్ళకీ మెత్తని పట్టుగుడ్డ చుట్టి బీరువాలో దాచారు.

అంతా బాగుండేది, సంఘం అధ్యక్షుడు లేకపోతే. ఆయన రిటైరైన బ్యాంకు క్యాషియరు. నవ్వడానికి కూడా చెక్కు వెనక సంతకం అడిగే రకం.

"కండక్టరు గారూ, అచ్చు పెచ్చు ఊడితే ఒక్క బిళ్ళతో ఆగుతుందా? ఆ అచ్చు కింద పడ్డ ప్రతి బిళ్ళకీ అదే చోట, అదే బొడిపె ఉంటుంది. దీని తోబుట్టువుని తెండి, ఒప్పుకుంటాను. ఒంటరి బొడిపెని నేను నమ్మను" అని బిళ్ళ వంకైనా చూడకుండా నలుగురిలో అనేశారు.

కండక్టరు గారికి ఉక్రోషం వచ్చేసింది. ఆదివారం జరిగే ప్రదర్శనకు తోబుట్టువుని తేలేకపోతే బ్యాడ్జి బల్ల మీద పెట్టి పోతానని, మళ్ళీ జన్మలో బిళ్ళ ముట్టనని మాట విసిరి వచ్చారు. తెచ్చే దారి మాత్రం దొరకలేదు. శుక్రవారం సాయంత్రం ఇల్లాలితో ఈ సంగతి చెప్పుకున్నారు.

"పోనీలెండి. బిళ్ళలు మానేస్తే మరి పొద్దు ఎలా పోతుంది మీకు?" అందావిడ, జాలిగానే.

"ఏముంది, ఇంట్లోనే ఉంటాను. నీకు వంటలో సాయంగా."

ఆవిడకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

అలాంటి శుక్రవారం తర్వాత వచ్చిన శనివారం అది. ఆయన క్షౌరానికి బయల్దేరారు. ఆవిడ వేడినీళ్ళలో చొక్కాలు నానేసి, సోడా వేసి, బండ మీద రెండు బాదులు బాదింది. ఠంగుమని చప్పుడైంది. జేబులోంచి బిళ్ళ ఒకటి దొర్లి కాలి దగ్గర పడింది. ఓడ బొమ్మ. ఎవరికో చూపించడానికి తీసుకెళ్ళి, మళ్ళీ బీరువాలో పెట్టడం మరిచిపోయారన్నమాట. ఆవిడ గబుక్కున తీసి చూసింది. ఓడ ఉంది, వెనకభాగంతో సహా నిక్షేపంగా ఉంది. బొడిపె లేదు!

ఆవిడకు పై ప్రాణాలు పైనే పోయాయి. తొట్టి వెతికింది, తూము దగ్గర చేత్తో దేవింది, చొక్కా జేబు తిరగేసి దులిపింది. సబ్బు నురగ కింద దాక్కుందేమోనన్న వెర్రి ఆశతో గిన్నెలు తోమే ఇనుప పీచు పెట్టి బిళ్ళను పరపరా తోమింది. నురగ పోయింది. బొడిపె రాలేదు సరికదా, అంచు మీంచి తెరచాపకు అడ్డంగా సన్నటి గీత ఒకటి కనిపించింది. ఇందాక లేదే! పీచు గీసేసింది. ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేసిన మనిషికి కళ్ళలో నీళ్ళు తిరగవా? ఆవిడకూ తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, బిళ్ళను తన పర్సు అడుగున, ఎవరికీ చేయి పోని చోట దాచేసింది.

బండ మీదే కూర్చుని ఆలోచించింది. సీసాలో అలాంటి ఓడ బిళ్ళలు ఉన్నాయి. కావలసిందల్లా బొడిపె. కోడలు ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతుంది. ఆ సన్నటి కడ్డీతో టంకం పెట్టడం దానికి మంచినీళ్ళ ప్రాయం.

కోడలు చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో పట్టుకుంది.

"అమ్మాయ్, నీ ఒక్కదానికే చెప్తున్నాను. నీ మొగుడికి కూడా తెలియకూడదు."

"ఏమైంది అత్తయ్యా? పొయ్యి మీద ఏదన్నా మాడిందా?"

"అంత అదృష్టమా! మీ మావయ్యగారి బిళ్ళ మీద బొడిపె ఊడదీశాను."

కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అది నవ్వాపుకోవడానికో, భయానికో ఆవిడకు అంతు పట్టలేదు. సీసాలోంచి బిళ్ళ తీసి చేతిలో పెట్టింది. "ఓడ వెనకాల, అంచుకి ఆనించి. కందిగింజంత. ఎక్కువ పెట్టేవు, పీనాసిగా పెట్టు. తెచ్చి ఆయన ఇస్త్రీ చొక్కా జేబులో పడేయ్. పడేశాక నాతో కూడా అనకు, సైగ కూడా చెయ్యకు. ఆయన చెవులు మామూలు చెవులు కావు."

కోడలు సరేనని వెళ్లింది. కానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. శనివారం దుకాణంలో జనం ఎక్కువ. మర్చిపోతే? మధ్యాహ్నం కొడుకు భోజనానికి వచ్చాడు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని వాడిది. వడ్డిస్తూ చెవి దగ్గరకు వంగింది.

"ఒరే, నీ ఒక్కడికే చెప్తున్నాను. నీ పెళ్ళానికి తెలిస్తే నా పరువు పోతుంది."

విన్నాక కొడుకు ముద్ద మింగడం ఆపాడు. "అమ్మా, నేను చేసేవి పళ్ళే. బిళ్ళల మీద బొడిపెలు కాదు."

"నోట్లో పెట్టుకునేవి చేస్తావు, జేబులో పెట్టుకునేది చెయ్యలేవా?"

"అది కాదే, నాన్నకి నిజం చెప్పెయ్యొచ్చు కదా!"

"చెప్పేస్తాను. రేపట్నుంచి ఆయన ఇక్కడే కూర్చుని నీకు వడ్డిస్తారు. ముద్ద ముద్దకీ ముందుకి జరగమంటారు. నీ ఇష్టం."

 కొడుకు సీసాలోంచి ఇంకో బిళ్ళ జేబులో వేసుకుని లేచాడు. వాడికి మాత్రం గడ్డం గీసుకునే అద్దం అర మీద పెట్టమని చెప్పింది. ఒకే చోటు చెబితే ఇద్దరూ ఎదురుపడతారని భయం ఆవిడకి. ఎంత ముందుచూపో చూడండి!

శనివారం రద్దీలో ఆలస్యమై, మధ్యాహ్నం దాటాక క్షౌరం నుంచి వచ్చిన ఆయన వచ్చినట్టే వరండాలో కూర్చుండిపోయారు. బిళ్ళ సంగతి అడుగుతారేమోనని ఆవిడ గుండె చేత్తో పట్టుకుని తిరిగింది. అడిగారు కూడా.

"నా బిళ్ళ కనబడిందిటే?"

"ఉండాల్సిన చోటే ఉంటుంది లెండి" అందావిడ, గోడ వైపు తిరిగి.

"ఉండనీ. ఇప్పుడు చూడను. రేపు పొద్దున్నే చూస్తాను. ఆఖరి చూపు కదా" అన్నారాయన. ఆ మాట అన్న తీరుకి, వంటిల్లు ఏమైపోయినా సరే ఈయన మూల గదిలోనే నవ్వుతూ ఉండాలని ఆవిడకు మొదటిసారి అనిపించింది. అనిపించి, తన మీద తనకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చారు. ఇద్దరి మొహాలూ కడిగిన పళ్ళాల్లా ఉన్నాయి, ఏ సంగతీ అంటుకుని లేదు. సైగ కూడా చేయొద్దన్నది తానేనని ఆవిడకు గుర్తు లేదు. వీళ్ళ వల్ల కాలేదని తేల్చుకుంది. ఇక తన చేతులే తనకు దిక్కు. కుళాయి గూటి కింద మిగిలిపోయిన పుట్టీ పొట్లం కనిపించింది. చిటికెడు పిసికి, కందిగింజంత ఉండ చేసి, ఇంకో ఓడ బిళ్ళ అంచున అద్దింది. పట్టుగుడ్డ చుట్టి బీరువాలో యథాస్థానంలో పెట్టింది. ముమ్మూర్తులా పాతదానిలాగే ఉంది. తన పనితనానికి తానే కాసేపు మురిసిపోయింది.

ఆదివారం తెల్లవారింది. ఆయన గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడ్డారు. అర మీద ఓడ బిళ్ళ, అంచున బొడిపె. "ఇక్కడే పెట్టి మర్చిపోయానా!" అనుకుని కళ్ళకద్దుకున్నారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బ్యాడ్జి పెట్టుకుందామని జేబు తడిమారు. చేతికి బిళ్ళ తగిలింది. తీశారు. ఓడ. బొడిపె. అద్దం దగ్గరి బిళ్ళ ఎడమచేతిలోనే ఉంది. రెండు చేతుల్నీ ఒకసారి చూసుకున్నారు. నెమ్మదిగా, నిద్రలో నడిచేవాడిలా బీరువా దగ్గరికి వెళ్లి పట్టుగుడ్డ విప్పారు.

ఆయన నేల మీద చతికిలబడిన చప్పుడుకు ఇల్లాలు పరుగెత్తుకొచ్చింది. ఆయన మూడు బిళ్ళల్నీ దోసిట్లో పట్టుకుని ఉన్నారు. కళ్ళ వెంట నీళ్ళు.

"ఒకే చోట! మూడింటికీ ఒకే చోట! తోబుట్టువులే! మన ఇంట్లోనే తిరుగుతున్నాయి, నేనే గుడ్డివాణ్ణయ్యాను!"

ఆవిడ నోరు తెరిచింది.  ఆయన అప్పటికే ఫోను అందుకున్నారు. "క్యాషియరు గారూ, మీరు తోబుట్టువుని అడిగారు. కుటుంబం దిగింది. వెంటనే మా ఇంటికి రండి!"

వంటింట్లో ముగ్గురూ తలుపు దగ్గరగా వేసుకుని గుసగుసలాడారు.

"నా ఒక్కదానికే చెప్పానన్నారు కదా అత్తయ్యా!" అంది కోడలు.

"నా ఒక్కడికే అన్నావు కదే!" అన్నాడు కొడుకు.

"ఇద్దరికీ ఒక్కొక్కళ్ళకే చెప్పాను. అందులో అబద్ధమేముంది?" అందావిడ. "మొహాలు అలా పెట్టుకొస్తే చెయ్యలేదనుకోనా?"

"మీరేగా సైగ చెయ్యొద్దన్నారు!"

"నేను చెప్పినవన్నీ వింటారా ఏం మీరు ఎప్పుడూ? సరిగ్గా నిన్ననే వినాలా?"

"అమ్మా, నాన్న క్యాషియరు గారికి ఫోన్ చేసేశారు. ఇప్పుడేం చేద్దాం?"

చేయడానికేమీ లేదు. ప్రదర్శన హాలు తాళాలు జేబులో వేసుకుని క్యాషియరు గారు వచ్చేశారు. హాలు బయట నిలబడ్డ సభ్యులు కొంతసేపు ఎదురుచూసి, విషయం తెలుసుకుని, వాళ్లూ వచ్చేశారు. ముందు గది నిండిపోయింది. వెలుతురు ఎక్కడ బాగుంటుందని క్యాషియరు గారు అడిగారు. వంటింటి కిటికీ దగ్గరన్నారు ఆయన. అందరూ వంటింట్లోకి వచ్చారు. ఆవిడ ఊరికే కూర్చుందామనుకున్న కుర్చీలో క్యాషియరు గారు కూర్చున్నారు.

మూడు బిళ్ళల్నీ బల్ల మీద వరసగా పెట్టారు. క్యాషియరు గారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, భూతద్దం పట్టారు. వంటింట్లో కుళాయి బొట్టు పడితే వినపడేంత నిశ్శబ్దం. కుళాయి బొట్టు కూడా పడలేదు, కండక్టరు గారి కట్టు అంత గట్టిది.

"మొదట వెనకవైపు చూడాలి" అన్నారు క్యాషియరు గారు. "అచ్చు పెచ్చు నిజంగా ఊడి ఉంటే, లోహమంతా ముందువైపు ఆ గుంటలోకి పొంగుతుంది. వెనక సరిగ్గా అదే చోట బొమ్మ పల్చబడుతుంది. ఈ మూడింటికీ వెనక అంకె నిక్కచ్చిగా ఉంది."

గుండుసూది తీసి మొదటి బొడిపెను పొడిచారు. సూది దిగింది. సగం ఎండిన పుట్టీ మరి. రెండోదాన్ని గీకి చూశారు. "ఇది టంకం." మూడోదాన్ని చాలాసేపు చూశారు. వెలుతురుకు తిప్పారు, వాసన చూశారు. ముఖం ఇంకా గంభీరమైపోయింది.

"ఇది పన్నండీ" అన్నారు.

ఎవ్వరూ నవ్వలేదు. నవ్వే ముఖాలు కావవి. కొడుకు కిటికీలోంచి బయటకు చూశాడు. క్యాషియరు గారు లేచి నిలబడ్డారు.

"ఒంటరి బొడిపెని నేను నమ్మనన్నాను. నిజమే. అందుకని బొడిపెలు తయారుచేయిస్తారా కండక్టరు గారూ? ఇన్నేళ్ళు టిక్కెట్లు చించిన చేతులు మీవి. సంఘానికే దొంగ బిళ్ళలా?"

 కండక్టరు గారు బిళ్ళల వంక, సభ్యుల వంక చూశారు. ఏమీ అర్థం కాని చూపు. చెయ్యి మాత్రం మెల్లగా బ్యాడ్జి మీదికి వెళ్లింది. అది చూసి ఇల్లాలికి గుండె తరుక్కుపోయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆయన్ని ఒక్క మాట అనకండి. ఆయనకేమీ తెలీదు. బండ మీద బాదింది నేను. బొడిపె ఊడగొట్టింది నేను. బొడిపెలు చేయించింది నేను. ఒకటి నేనే చేశాను కూడా." పర్సు అడుగు నుంచి అసలు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. "ఇదీ అసలుది."

క్యాషియరు గారి గొంతు కాస్త మెత్తబడింది. "చెల్లెమ్మా, అచ్చులో పడ్డ బొడిపె బిళ్ళలో భాగం. నువ్వు బండకేసి బాదితే బండ పగులుతుంది గానీ అది ఊడదు. ఊడిందంటే అది అచ్చు తప్పు కాదు. ఏదో అంటుకుంది."

"ఏం అంటుకుంటుంది?" అన్నారు ఆయన, చిన్న గొంతుతో.

ఇల్లాలికి అప్పుడు తట్టింది. తాను అద్దిన పుట్టీ ముమ్మూర్తులా పాతదానిలా ఎందుకు కుదిరిందో. ఆవిడ కళ్ళు కుళాయి మీదికి వెళ్లాయి. అది చూసి ఆయన కళ్ళూ వెళ్లాయి. కుళాయి మెడ చుట్టూ బూడిదరంగు కట్టు. చేతి తడి ఆరకముందు సంచీ విప్పిన రోజు ఆయనకు గుర్తొచ్చింది. ఎవరూ ఏమీ అననక్కర్లేకపోయింది. అంత తెలివైన మనిషిని అంత తేలిగ్గా తన చేతి మురికే మోసం చేసిందంటే, ఏ ముఖం పెట్టుకుని నిలబడతారు?

ఆయన బ్యాడ్జి విప్పి బల్ల మీద పెట్టారు. పిన్ను కూడా జాగ్రత్తగా మూశారు, ఎవరికీ గుచ్చుకోకుండా.

ఆవిడకు అక్కడితో ఆపాలనిపించలేదు. చెప్పేటప్పుడు మొత్తం చెప్పేయాలి. "ఏమండీ, ఇంకో తప్పు కూడా ఉంది. బొడిపె వెతుకుతూ ఇనుప పీచుతో తోమేశాను. బిళ్ళ మీద గీత పడిపోయింది. అడ్డంగా, తెరచాప మీంచి. అది కూడా క్షమించెయ్యండి."

ఆయన తలెత్తలేదు. అలవాటు కొద్దీ, ప్రాణం లేని గొంతుతో అడిగారు. "లోపలికా, పైకా?"

ఆవిడ బిళ్ళ తీసుకుంది. బొటనవేలి గోటితో అడ్డంగా రాసింది. మళ్ళీ రాసింది.

"పైకేనండీ."

"పీచు గీస్తే లోపలికి కదుటే పోవాలి?"

"గోరు తట్టుకుంటోంది. పైకే."

ఆయన చటుక్కున లేచి బిళ్ళ లాక్కున్నారు. గోరు పెట్టారు. భూతద్దం పెట్టారు. అంచు దగ్గర మొదలై, తెరచాపను కోసుకుంటూ, కింది అలల దాకా వెంట్రుకంత గీత. పైకి లేచిన గీత! క్యాషియరు గారు "ఏదీ, ఏదీ" అంటూ భూతద్దం మీద భూతద్దం పెట్టారు. కాసేపటికి టంకం బిళ్ళను దగ్గరికి లాగారు. గీత ఉంది. పుట్టీ బిళ్ళకు ఉంది. పన్ను బిళ్ళకూ ఉంది, అదే చోట, అదే వంపుతో. బొడిపెల మీద పడ్డ కళ్ళు అప్పటిదాకా దాన్ని చూడనే లేదు, ఆయనవీ, క్యాషియరు గారివీ.

"అచ్చు చిట్లింది" అన్నారు క్యాషియరు గారు. ముఖం కడిగి తుడిచినట్టయింది. "ఇది అచ్చు చిట్లిన గీతే. నాలుగూ తోబుట్టువులే. ఇవి ఎక్కడివి చెల్లెమ్మా?"

ఆవిడ సీసా చూపించింది. కోడలు దాన్ని దింపి బల్ల మీద బోర్లించింది. సభ్యులంతా తలో బిళ్ళ తీసి గోళ్ళు రాయడం మొదలుపెట్టారు. ఆ వంటింట్లో "పైకే", "ఇదీ పైకే" అన్న మాటలు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఒకాయన పుట్టుకతో గంభీరుడు, ఆయన కూడా కుర్చీ కోసం కొడుకుని పక్కకు నెట్టేశాడు.

క్యాషియరు గారు బ్యాడ్జి తీసి స్వయంగా ఆయన జేబుకు పెట్టారు. పెడుతూ, "ఆ పన్ను బిళ్ళ కూడా ప్రదర్శనలో పెడదాం. పనితనం ఊరికే పోకూడదు" అన్నారు. జీవితంలో క్యాషియరు గారు ఆడిన ఒకే ఒక్క హాస్యం అదేనని తర్వాత చెప్పుకున్నారు, కానీ ఆయన నిజంగానే అన్నారు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

ఇల్లాలు గుమ్మం దగ్గర నిలబడి ఆయన ముఖం చూస్తూ ఉండిపోయింది. ఆ వెలుగు చూడాలనే కదా ఇంత తిప్పలు పడింది! జనం వెళ్ళిపోతారు, సీసా మూత పెట్టుకుంటుంది, కిటికీ పక్క కుర్చీలో కాసేపు ఊరికే కూర్చుంటుంది. ఇంకేం కావాలి?

జనం వెళ్లారు. ఆయన వెళ్లలేదు. సీసా పక్కన పెట్టుకుని కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నారు.

"మూల గదిలోకి తీసుకుపోండి, నేను సర్దుకోవాలి" అందావిడ.

"అక్కడ చీకటే. చిట్లిన గీతకి వెలుతురు ముఖ్యం. ఇక్కడైతే బ్రహ్మాండంగా ఉంది" అంటూ, బల్ల మీద చోటు కోసం ఉప్పు డబ్బాను ముందుకు జరిపారు. "సీసా అంతా చూడాలి. అయ్యాక బ్యాంకు నుంచి ఇంకో సంచీ తెస్తాను."

మర్నాటి నుంచి ఇల్లాలు వరండాలో వంట చేస్తోంది. గాలి లోపలికి కొడుతుంది కాబట్టి, ఏది మాడుతోందో ఆయన కుర్చీలోంచి లేవకుండానే చెబుతున్నారు.